ఒకటి తాతకు.. ఒకటి మనవడికి!

సంక్రాంతి కానుకగా జంట పుస్తకాలు.. సరిహద్దు తెలుగిళ్లకు ప్రత్యేకం

సంక్రాంతి వచ్చిందంటే సరిహద్దు ఊళ్లలో ఇచ్చిపుచ్చుకోవడాల సందడే సందడి. హోసూరు, కృష్ణగిరి వైపు ఆడబిడ్డకు పొంగల్‌ సీరు పంపుతారు. కొత్త కుండ, చెరకు గడలు, పసుపు మొక్క, బెల్లం అన్నీ సర్దాలి. బళ్లారి, కోలారుల్లో ఎళ్లు-బెల్లం పొట్లాలతో పిల్లలు ఇల్లిల్లూ తిరుగుతారు. సోలాపూర్‌లో సంక్రాంతి మొదలు రథసప్తమి దాకా పసుపు కుంకాల పేరంటాలే. వచ్చిన ముత్తైదువులకు 'వాణ్‌' ఇవ్వడానికి స్టీలు గిన్నెలో, ప్లాస్టిక్‌ డబ్బాలో డజన్ల లెక్కన కొంటారు. బరంపురంలో మకర చావుళకు కొత్త బియ్యం నానబోస్తారు. యానాంలో కొత్తల్లుడి మర్యాదల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇన్ని కానుకల్లో పుస్తకం మాత్రం ఎక్కడా కనపడదు. ''పుస్తకం ఇస్తే ఎవరు చదువుతారండీ?'' అనేస్తారు. మామూలుగా ఇది బద్ధకం కొద్దీ అనే మాట. మన ఊళ్లలో మాత్రం అది నిజమైన ప్రశ్న. తెలుగు పుస్తకం తెస్తే తాత చదువుతాడు. మనవడు తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం ముక్క రాదు. మనవడు బళ్లో చదివే తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీనో తాత బజారులో దంచేస్తాడు. పుస్తకం పట్టుకుని చదవమంటే మాత్రం తడబడతాడు. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే భాష మాట్లాడుకుంటారు. ఒకే పుస్తకం చదవలేరు!

ఇందులో పిల్లల తప్పేం లేదు. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవాల్సిందే. తమిళనాట 2006లో చేసిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరైంది. ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. మిగిలిన చోట్ల చట్టం సంగతి ఎలా ఉన్నా ఇంగ్లిషు మీడియం మోజు ఆ పని చేసింది. తెలుగు బడి దగ్గర్లో లేనిచోట ఇంటి భాష చెవికీ నోటికీ మాత్రమే మిగిలింది. కంటికీ చేతికీ దూరమైంది.

మరైతే ఏం చేయాలి? ఈ పండక్కి ఒక చిన్న ఉపాయం. ఒకే పుస్తకాన్ని రెండు భాషల్లో కొనండి. తెలుగుది పెద్దవాళ్లకు, బడి భాషలోదో ఇంగ్లిషుదో పిల్లలకు. ఇద్దరూ ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటారు. మాట్లాడుకునేది మాత్రం ఒకే కథ గురించి.. అదీ తెలుగులో! అందుకే ఏదో కాలక్షేపం పుస్తకం ఇస్తే చాలదు. మూసేశాక కూడా ఒక ప్రశ్న మిగిల్చే పుస్తకం కావాలి. అలాంటివి కొన్ని ఏరి ఇక్కడ ఇస్తున్నాం.

మనం ఎక్కణ్నుంచి వచ్చాం?

తమిళనాట తెలుగిళ్లకు మొదట చెప్పుకోవాల్సింది కి.రాజనారాయణన్‌ నవల 'గోపల్ల గ్రామం'. కి.రా. అని అందరూ పిలుచుకునే ఈయన 1923లో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టారు. రాసిందంతా తమిళంలోనే. బడి చదువు పెద్దగా సాగలేదు. అయినా పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి జానపద సాహిత్యానికి ఆచార్యుణ్ని చేసింది. నల్లరేగడి సీమ పల్లెల్లో జనం మాట్లాడే మాటలన్నీ కూడగట్టి నిఘంటువు వేశారు. 2021లో కన్నుమూశారు.

1976లో వచ్చిన ఈ నవల మన వలస కథే. ఉత్తరాన తెలుగు నేలపై బతకలేని పరిస్థితి వచ్చి కొన్ని కుటుంబాలు రాత్రికి రాత్రి దక్షిణానికి బయల్దేరతాయి. అడవి నరికి, నేల చదును చేసి, ఊరు కట్టుకుంటాయి. ఆ ప్రయాణమంతా ఒక పండు ముసలి అవ్వ నోట వింటాం. చివర్లో కుంఫిణీ పాలన ఊరి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. దీనికి కొనసాగింపుగా రాసిన 'గోపల్లపురత్తు మక్కళ్‌' 1991లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకుంది. మొదటి నవల 'గోపల్లె' పేరుతో తెలుగులోకీ వచ్చింది.

తమిళ పుస్తకం మనవడికి, తెలుగు పుస్తకం తాతకు ఇచ్చి చూడండి. ''మనవాళ్లు కూడా ఇట్లనే వచ్చినారా తాతా?'' అని వాడు అడగక మానడు. తాతకు తెలిసింది తాత చెబుతాడు. తెలియంది అవ్వ అందుకుంటుంది. ఇంటి చరిత్ర ఎవరూ రాసి పెట్టలేదు కదా.. పెద్దవాళ్లు ఉండగానే అడిగి తెలుసుకోవాలి. ఆ అడగడానికి సందు ఇచ్చే పుస్తకమిది.

ప్రశ్న: వచ్చిన చోటు మన ఊరు ఎప్పుడవుతుంది? ఎన్ని తరాలకు?

బళ్లారి, కోలారు ఇళ్లకు..

కన్నడం చదివే పిల్లలున్న ఇంటికి శివరామ కారంత్‌ 'మరళి మణ్ణిగె' ఇవ్వొచ్చు. కరావళి పల్లెలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో మూడు తరాల కథ. తాత పురోహితం చేసుకుంటూ పైసా పైసా కూడబెడతాడు. కొడుకు పట్నం చదువుకు వెళ్లి చెడిపోయి ఉన్నదంతా ఊడ్చేస్తాడు. మనవడు మద్రాసులో చదివీ ఊరికి తిరిగొచ్చి మన్ను పట్టుకుంటాడు. మగవాళ్ల కథలా మొదలై, చదివేకొద్దీ ఆ ఇంటిని నిలబెట్టింది ఆడవాళ్లేనని తెలిసొస్తుంది. దీన్ని తిరుమల రామచంద్ర 'మరల సేద్యానికి' పేరుతో తెలుగు చేశారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌ కొలువు చేస్తూ ఊళ్లో పొలం అమ్మేద్దామా, ఉంచుకుందామా అని ఊగిసలాడే కొడుకులున్న ప్రతి ఇంట్లో ఈ పుస్తకం మాటలు పుట్టిస్తుంది.

ఆ అనువాదకుడి గురించీ ఒక మాట. తిరుమల రామచంద్ర (1913-1997) అనంతపురం జిల్లాలో పుట్టి హంపీ పరిసరాల్లో పెరిగారు. పుట్టుకతోనే సరిహద్దు మనిషి. ఆయన ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాక' చదువుతుంటే శిథిలాల మధ్య ఆడుకున్న పిల్లాడు సంస్కృతం చదువుకుంటూ, ఉద్యమంలో జైలుకెళుతూ, రాతప్రతుల పని మీద లాహోరు దాకా పోయిన తీరు కళ్లకు కడుతుంది. ఆయన పోయాక దీనికి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు దక్కింది.

ఆయనదే మరో పుస్తకం 'మన లిపి - పుట్టుపూర్వోత్తరాలు'. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. శతాబ్దాల పాటు రెండు భాషలనూ ఒకే లిపిలో రాసుకున్నాం. ఇప్పటికీ మన తలకట్టు కొక్కెంలా పైకి లేస్తే కన్నడిగుల తలకట్టు అడ్డగీతలా పడుకుంటుంది. చాలా అక్షరాల్లో తేడా అంతమాత్రమే. కన్నడం చదివే పిల్లాడికి తెలుగు అక్షరాలు నేర్పడానికి పెద్ద బడి అక్కర్లేదు. పండగ సెలవుల్లో రోజూ ఓ అరగంట కూర్చోబెట్టుకుంటే బోర్డులు చదివేస్తాడు. లిపి పుస్తకం తాతకిస్తే ఆ అరగంట ఎలా గడపాలో ఆయనే చూసుకుంటాడు.

మైసూరు మహారాజా కాలేజీలో 1912 నుంచి 1949 దాకా తెలుగు చెప్పిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ రాసిన 'వేమన' కూడా ఈ వరసలోదే. 1928లో ఇచ్చిన ఉపన్యాసాల పుస్తకం. వేమన పద్యాలు నోటికొచ్చిన తాతలు చాలామందే ఉంటారు. ఆ వేమనను వేళ్లమీద లెక్కపెట్టే నీతులు చెప్పే పెద్దమనిషిగా కాకుండా, తడబడుతూ వెతుక్కున్న మనిషిగా చూపించిన పుస్తకం ఇది.

ప్రశ్న: చదువుకున్నవాడు ఊరికి తిరిగి రావడం గెలుపా, ఓటమా?

కొండ మీది పొరుగువాళ్లు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ వైపు ఉన్నవాళ్లకు గోపీనాథ్‌ మహాంతి 'అమృతర సంతాన'. కోరాపుట్‌ కొండల్లో కోందుల జీవితం మీద రాసిన పెద్ద ఒడియా నవల. 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డులు మొదలుపెట్టినప్పుడు ఒడియాలో మొట్టమొదట అందుకున్నది ఇదే. పురిపండా అప్పలస్వామి 'అమృత సంతానం'గా తెలుగు చేశారు. ఊరి పెద్ద చనిపోవడంతో మొదలై, కొడుకు దివుడు, అతని భార్య పుయు జీవితాల వెంట కథ సాగుతుంది. పంట, జాతర, పులి భయం, అప్పు, అడవి, కింది నుంచి వచ్చే వర్తకులు.. అన్నీ ఉంటాయి.

ఆ వర్తకుల్లో మన భాష మాట్లాడేవాళ్లూ ఉంటారని గుర్తుంచుకుని చదవాలి. మన తాతలు కొండ మీదికి ఉప్పు, బట్టలు మోసుకెళ్లి ఏం తెచ్చుకున్నారు? అవతలివాళ్లకు మనం ఎలా కనపడ్డాం? పొరుగువాడి కంట మనల్ని మనం చూసుకోవడం అంత తేలికేం కాదు. పండక్కి ఇలాంటి పుస్తకమా అనకండి. నవ్వులు, పాటలు కూడా బోలెడున్న పుస్తకం ఇది.

ఆ కొండవాళ్ల వైపు చూసిన తెలుగువాళ్లు లేకపోలేదు. గిడుగు రామమూర్తి (1863-1940) పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తపించారు. సవర నిఘంటువు, వ్యాకరణం రాశారు. తెలుగులో వాడుక భాష కోసం కొట్లాడిందీ ఆయనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రికి తరలిపోయారు. పిల్లాడికి ఇంటి భాషలో చదువు ఎందుకు కావాలో ఆయన సవర పిల్లల దగ్గరే నేర్చుకున్నారంటే అతిశయోక్తి కాదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

ప్రశ్న: మన భాషకు న్యాయం కావాలని అడిగే మనం, మనకంటే చిన్న భాషల సంగతి పట్టించుకున్నామా?

సోలాపూర్‌ పేరంటానికి..

చద్దర్ల ఊరు సోలాపూర్‌లో మగ్గాల మీద బతుకు వెతుక్కుంటూ తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు వేలాదిమంది. ముంబయిలో కామాఠీపుర పేరే తెలంగాణ నుంచి కూలికెళ్లిన కామాఠీల వల్ల వచ్చింది. ఇక్కడి ఇళ్లకు రెండు పుస్తకాలు.

ఒకటి పేరంటంలో వాణ్‌గా ఇవ్వడానికి.. ఓల్గా 'విముక్త'. పల్చటి పుస్తకం, అయిదే కథలు. రామాయణంలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలిసి మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించి రాశారు. చివరి కథ రాముడిది. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. కాలేజీ చదివే కూతురికి ఇంగ్లిషులో 'ద లిబరేషన్‌ ఆఫ్‌ సీత' ఇవ్వొచ్చు. పేరంటానికి వచ్చిన పదిమందిలో ఇద్దరు చదివినా వచ్చే ఏడు పేరంటంలో చీరల ముచ్చట్లతో పాటు ఇంకో ముచ్చట కూడా ఉంటుంది. కొందరికి కథలు నచ్చకపోవచ్చు. వాదించుకోవచ్చు. అదీ మంచిదే!

రెండోది కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి.. అంబేడ్కర్‌ 'కుల నిర్మూలన'. లాహోరులో జాత్‌పాత్‌ తోడక్‌ మండల్‌ సభకు అధ్యక్షోపన్యాసంగా రాశారు. మార్చమని నిర్వాహకులు అడిగితే ఒక్క కామా కూడా మార్చనన్నారు. సభే రద్దయింది. 1936లో సొంత ఖర్చుతో అచ్చేయించారు. ఇంగ్లిషు మూలం, మరాఠీ, తెలుగు అనువాదాలు మూడూ దొరుకుతాయి. నాన్న తెలుగులో, కొడుకు మరాఠీలో చదివితే ఇంట్లో కాస్త వేడి పుట్టడం ఖాయం. ఊరు వదిలొచ్చినా మన సంఘాలు, సత్రాలు, సంబంధాలు ఎవరి కులం వాళ్లవే కదా. పండగ పూట ఆ మాట ఎత్తడం ఇబ్బందే. అయితే పెళ్లి సంబంధాల మాటలన్నీ మొదలయ్యేదీ పండగ పూటేగా?

ప్రశ్న: వలస వచ్చినప్పుడు మూటలో ఏమేం కట్టుకొచ్చాం? అందులో దించేయాల్సినవి ఏవి?

పిల్లలకు, అయ్యవార్లకు..

పదేళ్లు దాటిన పిల్లలకు కళ్లు మూసుకుని ఇవ్వదగ్గ పుస్తకం 'రైలుబడి'. జపాన్‌కు చెందిన తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన 'తొత్తోచాన్‌'కు తెలుగు ఇది. మొదటి బడి నుంచి గెంటేసిన అల్లరి పిల్లను పాత రైలు పెట్టెల్లో నడిచే బళ్లో చేర్పిస్తారు. మొదటిరోజే హెడ్‌మాస్టరు కొబయాషి ఆ పిల్ల చెప్పే కబుర్లు గంటల తరబడి వింటాడు. తన మాట అంతసేపు విన్న పెద్దమనిషి ఆ పిల్లకు అదివరకు తగల్లేదు! 1945లో బాంబు దాడుల్లో ఆ బడి కాలిపోయింది. ఇంగ్లిషుతో పాటు మన దేశ భాషలెన్నింటిలోనో ఇది వచ్చింది కాబట్టి జంట కుదరడం తేలిక. పిల్లాడికి పాఠం చెప్పే టీచరుకు కూడా ఒక కాపీ ఇస్తే ఇంకా మేలు. వాళ్లకే గిజుభాయి 'పగటికల' కూడా. గుజరాత్‌లో ఒక మాస్టారు నాలుగో తరగతి పిల్లలతో ఏడాది పాటు చేసిన ప్రయోగాల కథలా సాగుతుంది.

కొత్తగా తల్లిదండ్రులైన వాళ్లకు చలం 'బిడ్డల శిక్షణ'. చలం 1950 నుంచి 1979లో పోయేదాకా తిరువణ్ణామలైలోనే ఉన్నారు. అంటే తమిళనాట తెలుగువాళ్లకు ఇంటిపక్క మనిషి లెక్క. పిల్లల్ని కొట్టడం, భయపెట్టడం, పోల్చడం గురించి ఆయన వేసిన ప్రశ్నలు ఇప్పటికీ గుచ్చుకుంటాయి. అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఒకసారి చదివాక మాత్రం బెత్తం అందుకునే చెయ్యి కాసేపు ఆగుతుంది.

చదివి వినిపించడానికైతే స.వెం.రమేశ్‌ 'ప్రళయకావేరి కథలు'. ప్రళయకావేరి అంటే పులికాట్‌ సరస్సు. ఆంధ్ర, తమిళనాడు రెండూ పంచుకున్న ఉప్పునీటి చెరువు. ఆ దిబ్బల మీది పల్లెల్లో మాట్లాడే తెలుగులోనే కథలన్నీ రాశారు. పిట్టల పేర్లు, చేపల పేర్లు, గడ్డి పేర్లు, ఆటల పేర్లు కుప్పలు తెప్పలు. కంటితో చదివితే కొన్ని మాటల దగ్గర ఆగిపోతాం. అవ్వ గొంతుతో చదివితే అన్నీ తెలిసిన మాటలే! ''మా ఊళ్లో దీన్ని వేరేగా అంటాం'' అని మధ్యలో అడ్డుపడతారు చూడండి.. ఆ అడ్డుపడటమే కావాల్సింది.

ప్రశ్న: పిల్లలు చెప్పేది మనం ఎంతసేపు వింటున్నాం?

యానాం ఇంటికి..

యానాంలో తెలుగు చదివే పిల్లలకు కొదవ లేదు. ఇక్కడ జంట భాషలు అక్కర్లేదు, జంట పుస్తకాలు చాలు. దాట్ల దేవదానం రాజు 'యానాం కథలు' ఒకటి, బొల్లోజు బాబా 'ఫ్రెంచి పాలనలో యానాం' ఇంకొకటి. కథల్లో ఊరి మనుషులు, చరిత్రలో ఊరిని ఏలినవాళ్లు. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ ఆంధ్రలో ఉండగా ఇదొక్కటే పుదుచ్చేరిలో ఉండిపోయింది. ఎందుకలా అని యానాం పిల్లల్లో ఎంతమంది అడిగి ఉంటారు? గోదారి గట్టున కూర్చుని తాత చెప్పే కబుర్లకు ఈ రెండు పుస్తకాలూ తోడు.

అల్లుడికి కన్యాశుల్కం!

కొత్తల్లుడికి గడియారం, ఉంగరం మామూలే. ఈసారి గురజాడ 'కన్యాశుల్కం' పెట్టి చూడండి. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం. 1897లో అచ్చయింది. 1909లో పూర్తిగా తిరగరాసి మళ్లీ తెచ్చారు. అప్పట్లో పిల్లను అమ్ముకునేవాళ్లు, ఇప్పుడు పిల్లాణ్ని అమ్ముకుంటున్నారు. కట్నం పుచ్చుకున్న ఇంట్లో ఈ పుస్తకం ఇవ్వడం కాస్త సాహసమే. నవ్వుతూ చదువుతాడు. నవ్వు ఆగాక ఆలోచిస్తాడు. తెలుగు చదవడం రాని అల్లుడైతే వెల్చేరు నారాయణరావు ఇంగ్లిషు అనువాదం 'గర్ల్స్‌ ఫర్‌ సేల్‌' ఉంది.

పెద్ద పుస్తకం అంటే భయపడేవాళ్లకు కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టరు రాసిన చిన్న నవల. తప్పిపోయిన సుక్క పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి వెళతాడు. ఒక్క రాత్రి కథ. ఊపిరి బిగబట్టి చదివేస్తారు. చివర్లో గెలిచిందెవరో తేల్చుకోవడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది.

ఏడు తరాలు మోసిన నాలుగు మాటలు

ఒక్క పుస్తకమే కొనగలం అనేవాళ్లకు మా సలహా 'ఏడుతరాలు'. అలెక్స్‌ హేలీ 1976లో రాసిన 'రూట్స్‌'ను సహవాసి కుదించి తెలుగు చేశారు. ఆఫ్రికాలో గాంబియా నది ఒడ్డు పల్లె నుంచి కుంటా కింటే అనే కుర్రాణ్ని పట్టుకుని అమెరికాలో బానిసగా అమ్మేస్తారు. పేరు మార్చేస్తారు. భాష మాట్లాడనివ్వరు. అతను కూతురికి నాలుగు మాటలు నేర్పుతాడు. తంత్రీ వాద్యాన్ని చూపించి 'కో' అంటాడు. నదిని చూపించి 'కాంబీ బొలాంగో' అంటాడు. ఆ కూతురు తన కొడుక్కి చెబుతుంది. అలా తరం నుంచి తరానికి చేరిన ఆ మాటల తోక పట్టుకునే రచయిత తన పూర్వీకుల పల్లె వెతుక్కుంటూ వెళతాడు. హేలీ చెప్పిన వంశవృక్షం నిజానిజాల మీద తర్వాత చరిత్రకారులు చాలా ప్రశ్నలే వేశారు. అయినా కథ బలం తగ్గలేదు.

మన బాధ వాళ్ల బాధతో పోల్చదగ్గది కాదు. మనల్ని ఎవరూ గొలుసులు వేసి తేలేదు, మాట్లాడొద్దని కొరడాతో కొట్టలేదు. అన్నీ అందుబాటులో ఉండి మనమే వదిలేసుకుంటున్నాం. వాళ్లు నాలుగు మాటల్ని అన్ని తరాలు కాపాడుకున్నారు. మన దగ్గర వేల మాటలున్నాయి. ఇంగ్లిషు మూలం మనవరాలికి, తెలుగు అమ్మమ్మకు ఇచ్చి, మన ఇంట్లో మాత్రమే వాడే మాటలేమున్నాయో ఒక కాగితం మీద రాయమనండి. పండగ మూడు రోజుల్లో ఎన్ని పోగవుతాయో చూడండి.

ఇవ్వడంలోనూ ఓ పద్ధతి

పుస్తకం ఇచ్చి ఊరుకుంటే అది బీరువా ఎక్కుతుంది. ఇవి గుర్తుంచుకోండి.

* లోపలి పేజీలో ఎవరికి, ఎవరు, ఏ పండక్కి ఇచ్చారో చేత్తో రాయండి. కింద ఒక ప్రశ్న రాయండి. జవాబు వచ్చే పండక్కి చెప్పమనండి.

* పెద్దవాళ్లకు అక్షరాలు పెద్దవిగా ఉన్న ముద్రణ చూసి కొనండి. కళ్లు ఆననివాళ్లకు పిల్లల చేతనో, కోడలి చేతనో చదివించండి.

* భోజనాలయ్యాక టీవీ, సెల్‌ఫోను పక్కనబెట్టి ఓ పావుగంట పైకి చదవండి. రోజుకు నాలుగు పేజీలు చాలు.

* చదివాక పిల్లలకు పరీక్ష పెట్టకండి. ''నీకెవరు నచ్చారు? ఎందుకు?'' అని అడిగితే చాలు.

* ఒకే సంగతి రెండు భాషల్లో ఎలా చెప్పారో పోల్చుకోమనండి. ''తమిళంలో ఈ మాట ఉంది, నీ పుస్తకంలో ఏముంది తాతా?'' అన్న ప్రశ్న పదిసార్లు వస్తే సగం తెలుగు పాఠం అయిపోయినట్టే.

తెలుగు రాని పిల్లల చేతికి వేరే భాష పుస్తకం ఇస్తే తెలుగుకు మనమే నీళ్లు వదిలినట్టు కాదా అని కొందరు అడుగుతారు. అక్షరాలు నేర్చుకోవాలన్న కోరిక ముందు పుట్టాలి. తాత పుస్తకంలో ఏదో అదనంగా ఉందని, అది తనకు అందడం లేదని తెలిసినప్పుడే అది పుడుతుంది. తిట్టి నేర్పించే అక్షరాలు సెలవులు అయిపోగానే చెరిగిపోతాయి.

ఎక్కడ దొరుకుతాయి?

పండగ దినాల్లోనే పుస్తకాల సంతలూ జరుగుతాయి. హైదరాబాద్‌లో డిసెంబరులో, విజయవాడలో జనవరి మొదట్లో పుస్తక ప్రదర్శనలు పెడతారు. చెన్నై పుస్తక ప్రదర్శన పొంగల్‌ రోజుల్లోనే ఉంటుంది. తమిళ ప్రతులు అక్కడ తేలిగ్గా దొరుకుతాయి. అటు వెళ్లే చుట్టాలకు చీటీ రాసిచ్చి తెప్పించుకోండి. తెలుగు పుస్తకాలు ఇంటికి పంపే దుకాణాలు ఇంటర్నెట్‌లోనూ ఉన్నాయి. అనువాదాల్లో పాతవి ఒక్కోసారి ముద్రణ అయిపోయి ఉంటాయి. హైదరాబాద్‌ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్‌ మీద, పాత పుస్తకాల అంగళ్లలో వెతికితే దొరుకుతాయి. గురజాడ లాంటి, హక్కుల గడువు తీరిన రచయితలవి తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగానే చదువుకోవచ్చు.

రెండు పుస్తకాలు కలిపినా ఓ మోస్తరు స్టీలు సామాను ఖర్చుకు మించదు. సామాను ఏ ఇంట్లో అయినా నిండుగానే ఉంది. తాతా మనవళ్లు కూర్చుని మాట్లాడుకునే పావుగంటకే కరువు. ఈ పండక్కి దాన్ని కొనివ్వండి.